అమ్మకి ఊళ్ళు చూపించిన మూడు రోజులు

మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున, చెర్రీ తోటలూ ద్రాక్షతోటలూ ఉన్న ఒక ప్రాంతం ఉంది. డెట్రాయిట్ చుట్టుపక్కలున్న మనవాళ్ళు ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒకసారి నయాగరాకీ, ఒకసారి అక్కడికీ తీసుకెళ్ళేవాళ్ళు. వైనరీలు, లైట్‌హౌస్, చేపలవాళ్ళ పాత గుడిసెలు, ఇసుకకొండలు. ఆ వరస మొదట ఎవరు పెట్టారో తెలీదు గానీ అందరి ఆల్బముల్లోనూ అవే ఫొటోలు, అవే నవ్వులు. ఇప్పటికీ ఎవరైనా "అక్కడ చూడాల్సినవి ఏమున్నాయి?" అని నన్నడిగితే ఒళ్ళు మండుతుంది. నాకు గుర్తున్నవి ఫోన్ బూత్‌లు. ఏ బూత్ తలుపు సరిగ్గా పడదో, దేనికి ఎండ నేరుగా కొడుతుందో అడగండి, చెబుతాను.

ఎనభైల మొదట్లో ఒక జూలై నెల. మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్లకి గేర్‌బాక్సులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. నాకు ఏడో నెల, మొదటి కాన్పు. పురుడు పోయడానికి అమ్మ తెనాలి నుంచి మే నెలలోనే వచ్చేసింది. వస్తూ వస్తూ శొంఠి, బాలింతలకి పెట్టే కాయం మందు, పాతచీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు సూట్‌కేసు నిండా తెచ్చుకుంది. కస్టమ్స్‌వాడు కాయం డబ్బా మూత తీసి వాసన చూసి వెనక్కి తుళ్ళిపడ్డాడని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేది.

నాన్న నాకు పన్నెండేళ్ళప్పుడే పోయారు. అమ్మకి ఆ తర్వాత ఉన్నదల్లా ఒక్క తమ్ముడు, మా మామయ్య. వాళ్ళమ్మ మామయ్యని కని పురిట్లోనే పోతే, ఎనిమిదేళ్ళ అమ్మ ఆయన్ని చంకనేసుకుని పెంచింది. నా పెళ్ళిలో పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది మామయ్యా అత్తయ్యే. నన్ను మద్రాసు దాకా వచ్చి విమానం ఎక్కించినాయన కూడా ఆయనే. విమానం కదిలేదాకా ఆ అద్దాల అవతల చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళకి చేసింది కాదని మీకు ముందే తెలియాలి.

ఆ బుధవారం పొద్దున్న అమ్మ స్నానానికి వెళ్ళింది. ఫోన్ మోగింది. మామయ్య కొడుకు గుంటూరు నుంచి. మన మాట మనకే తిరిగి వినపడే ఆ రోజుల లైను.

"వదినా, నాన్నకి బాగోలేదు. ఆస్పత్రిలో ఉన్నాం. లివర్ పాడైపోయిందిట. డాక్టర్లు ఇంక రోజులే అంటున్నారు."

వాడే మళ్ళీ అన్నాడు.

"తెలివిగానే ఉన్నాడు. అక్కతో ఒక్కసారి మాట్లాడించమని పొద్దస్తమానం అదే మాట. ఇక్కణ్ణించి లైను కలవాలంటే ఒక రోజంతా పడుతోంది. మీరే చెయ్యండి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పెద్దడాక్టరు తన గదిలో ఫోన్ వాడుకోమన్నారు. నాన్నని చక్రాలకుర్చీలో అక్కడికి తీసుకొస్తాను. మీకు పొద్దున్న ఎనిమిదిన్నర అవుతుంది. నంబర్ రాసుకో."

రాసుకున్నాను. "సరే" అన్నాను కూడా. ఆ "సరే" అన్నది నేనే.

ఫోన్ పెట్టేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. జూలైలో కార్ల ఫ్యాక్టరీలన్నీ రెండు వారాలు మూసేస్తారు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఆ సెలవుల్లోనే, గురువారం నుంచి శనివారం దాకా, అమ్మని ఆ సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళాలని మోటెల్ బుక్ చేసి పెట్టాం.

"ట్రిప్ క్యాన్సిల్ చేసేద్దాం," అన్నారు అంతా విని. "అత్తయ్యగారికి చెప్పేద్దాం. తమ్ముడు ఆవిడకి. మనమెవరం దాచడానికి?"

"చెబితే? ఆవిడ గుండెకేమన్నా అయితే?"

రెండేళ్ళ క్రితం అమ్మకి ఒకసారి గుండెల్లో నొప్పి వచ్చిన మాట నిజమే. గాబరా పడకూడదని డాక్టరు చెప్పిన మాటా నిజమే. మనవాళ్ళలో ఇదొక శాస్త్రం. పెద్దవాళ్ళకి చావుకబురు చల్లగా చెప్పాలి, జబ్బుకబురు అసలు చెప్పకూడదు, దూరాన ఉన్నవాళ్ళకి అన్నీ అయిపోయాక ఉత్తరం రాయాలి. మా ఇంట్లో అందరూ అలాగే చేశారు, నేనూ అలాగే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

కానీ అసలు సంగతి అది కాదు. ఇన్నేళ్ళయింది కాబట్టి ఇప్పుడు నిజం చెబుతాను. అమ్మకి చెబితే ఆ సాయంత్రానికే వెళ్ళిపోతానంటుంది. ఆవిణ్ణి ఆపగలిగినవాళ్ళు లేరు. ఇక నేను ఈ దేశంలో, మొదటి కాన్పు, పుట్టిన బిడ్డకి నీళ్ళెలా పోయాలో కూడా తెలీకుండా ఒక్కదాన్నే. ఆ భయం నన్ను పట్టుకుంది. మామయ్య పోతాడన్న బాధకన్నా అమ్మ వెళ్ళిపోతుందన్న భయమే ముందొచ్చింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ ఉన్నమాట.

"ట్రిప్‌కి వెళదాం," అన్నాను. "ఇంట్లో ఉంటే ఫోన్ మోగుతుంది. మోగితే అమ్మే పరుగెత్తుకెళ్ళి తీస్తుంది. ఊళ్ళు తిప్పుతూ ఉంటే తెలీదు."

"ఇదేం పద్ధతి?" అన్నారాయన.

"మీకేం తెలుసు నా బాధ? కనేది మీరా నేనా?" అని విరుచుకుపడ్డాను. ఏడో నెల కడుపుతో ఉన్న పెళ్ళాం అలా అరిస్తే ఏ మొగుడు మాత్రం ఏమంటాడు? మ్యాపు తీసి దారి చూసుకోసాగారు.

మా బిల్డింగ్‌లోనే కింది అంతస్తులో ఒక వరంగల్ అమ్మాయి ఉండేది, నాకన్నా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. ఇంటి తాళంచెవి ఇచ్చి, మూడు రోజులూ మా ఇంట్లో కూర్చుని ఫోన్ వస్తే తియ్యమన్నాను. సంగతంతా విని ఆ పిల్ల మొహం ముడుచుకుంది.

"గిదేం పని అక్కా? ఆమె తమ్ముడు సావుబతుకుల్ల ఉంటే ఆమెకు చెప్పకుంట ఊర్లు తిప్పుడేంది? మా అమ్మైతే జన్మల నన్ను మాఫ్ చెయ్యదు."

"నీకు తెలీదులేవే" అన్నాను. నాకంత తెలిసినట్టు.

గురువారం పొద్దున్నే బయల్దేరాం. అయిదు గంటల ప్రయాణం. అమ్మ ముందు సీట్లో, మా ఆయన స్వెట్టరు చీర మీద వేసుకుని, చెప్పుల్లో సాక్సులతో, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుంది. దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. ఇంత పొలం ఉంటే ఒక్క మనిషీ కనపడడేం అంది. ఆవులు అంత బలంగా ఉన్నాయేం అంది. మా ఆయన అన్నిటికీ "అవునండీ అత్తయ్యగారూ" అంటూ ఒక్కసారి కూడా ఆవిడ వైపు తిరగలేదు. నేను వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, పర్సులో ఆ నంబరు రాసిన కాగితం ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను. చెయ్యని ఫోనుకి నంబరెందుకో నాకే తెలీదు.

సాయంత్రానికి మొదటి వైనరీ దగ్గర ఆగాం. కొండవాలు మీద వరసగా గుంజలు, వాటికి తీగలు, తీగలకి బఠాణీగింజలంత పచ్చి పిందెలు, వాటి వెనక దిగువన నీలంగా సరస్సు. చూడాల్సిందే. ఎవరికైనా చూపించాల్సిందే. అమ్మ కారు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"మన చిలుమూరు తమలపాకు తోటల్లా ఎంత ముద్దుగా కట్టారే! ఇంత అందమైన కాయ కాయించి సారా కాస్తారా వీళ్ళు?"

"సారా కాదండీ, వైన్," అన్నారు మా ఆయన.

"పేరు మారిస్తే పాపం పోతుందా బాబూ?" అని లోపలికి రానంది. బయట బల్ల మీద కూర్చుంది. రుచి చూపించే గదిలోంచి ఒక పెద్దావిడ ఆదరంగా చిన్న గ్లాసులో ఏదో తెచ్చి ఇచ్చింది. ఉత్త ద్రాక్షరసమేనని మా ఆయన ఎంత చెప్పినా అమ్మ వాసన చూసి, రెండు చేతులా దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేసింది. ఆ పెద్దావిడా దణ్ణం పెట్టింది. ఇంకో రోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

"లోపల బొమ్మల కార్డులుంటే ఒకటి తీసుకురావే, మామయ్యకి రాస్తాను," అంది అమ్మ. "వాడికి ఊళ్ళు చూడ్డమంటే ఎంత పిచ్చో! మద్రాసు దాటి వెళ్ళింది లేదు పాపం. కార్డు పంపితే గోడకి అంటించుకుంటాడు."

కార్డు కొన్నాను. బాత్‌రూముల పక్కన ఫోన్ ఉంటే ఇంటికి చేశాను. ఏ కబురూ లేదంది వరంగల్ పిల్ల. "అమ్మగారికి చెప్పినవా?" అని అడిగింది. పెట్టేశాను. వచ్చేసరికి అమ్మ బల్ల మీద జరిగి నాకు చోటిచ్చింది. కార్డు వెనక చీమల బారులా సన్నగా రాస్తూ పైకి చదివింది: చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు, ఇక్కడ ద్రాక్షతోటలు చూశాను, నువ్వు ఉంటే ఈ కొండ ఒక్క పరుగున ఎక్కేవాడివి. అంతవరకూ చదివి ఆగి, చివరి రెండు లైన్లూ మాత్రం పైకి చదవకుండా రాసుకుంది. స్టాంపు అంటించి డబ్బాలో వేసింది నేనే.

శుక్రవారం. ఆ రోజు గురించి రాయడానికి ఇన్నేళ్ళూ ధైర్యం చాల్లేదు.

మేం వెళ్ళింది, నేల కోసుగా సాగి నీళ్ళలోకి పొడుచుకుపోయిన చోటుకి. రెండు వైపులా నీళ్ళు, మధ్యలో ఒకే రోడ్డు, చివర లైట్‌హౌస్. తొందరగా వెళితే జనం ఉండరని మా ఆయన ఏడున్నరకే బయల్దేరదీశారు. సగం దారిలో ఒక పాత కిరాణా కొట్టు, దాని ముందు చెర్రీలు అమ్మే బల్ల, పక్కన ఫోన్ బూత్. ఆయన అక్కడే కారాపారు. కావాలనే ఆపారని నాకు తెలుసు. టైము ఎనిమిదీ ఇరవై.

అమ్మ చెర్రీల దగ్గరికి వెళ్ళింది. నేను బూత్‌లోకి వెళ్ళాను. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"అత్తయ్యగార్ని పిలవనా?"

నేను పర్సులో చిల్లర వెతికాను.

"చూడు, నేను మాట్లాడతాను ఆవిడతో. నెమ్మదిగా చెబుతాను. ఒంట్లో కొంచెం నలతగా ఉందిట, పలకరించండి అంటే చాలు కదా. అంతకన్నా ఏం చెప్పక్కర్లేదు."

ఎంత సుళువైన మాట! నాకెందుకు తట్టలేదో! తట్టినా ఒప్పుకునేదాన్ని కాను. మామయ్య గొంతు వింటే అమ్మకి తెలిసిపోతుంది. ఎనిమిదేళ్ళప్పటి నుంచి విన్న గొంతు అది.

"పిలిచారంటే నా మీద ఒట్టే," అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి, తలుపు వదిలేసి, కారు దగ్గరికి వెళ్ళి బానెట్‌కి ఆనుకుని నిలబడ్డారు. ఆ తర్వాత ఆ రోజంతా నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

ఎనిమిదిన్నర అయింది. నేను రిసీవరు ఎత్తి సున్నా నొక్కాను. ఆపరేటరు పలికింది. పర్సులో కాగితం చేతికి తగులుతూనే ఉంది. గుంటూరుకి కలపడానికి "ఓవర్సీస్" అన్న ఒక్క మాట చాలు. నేను మా ఇంటి నంబరు చెప్పాను. వరంగల్ పిల్ల ఎత్తింది. కబురేమీ లేదంది. కబురు లేదంటే బాగున్నట్టేగా అనుకున్నాను! తెలివంటే అంత తెలివి. అక్కడ మనుషులు నా ఫోను కోసం ఎదురుచూస్తుంటే, వాళ్ళ దగ్గర్నుంచి ఫోను రాలేదని నేను ఊపిరి పీల్చుకున్నాను.

అమ్మ బూత్ అద్దం మీద వేలితో కొట్టింది. కొంగు నిండా చెర్రీలు.

"ఎవరికే ఫోను?"

"డాక్టర్‌కమ్మా. అపాయింట్‌మెంట్ గురించి."

"అంతా బాగుందిటనా?"

"బాగుందిట."

ఒక పండు గింజ తీసి నా నోట్లో పెట్టింది. బుగ్గలకి చేతులు తాకించి తన కణతల దగ్గర మెటికలు విరిచింది. "దిష్టి తగలకుండా ఉండాలి," అంది. పండు పులుపో తీపో నాకు తెలీలేదు.

తర్వాత లైట్‌హౌస్‌కి వెళ్ళాం. తెల్లటి చిన్న ఇల్లు, నెత్తి మీద దీపం. ఎదురుగా ఒక బోర్డు ఉంది, భూమధ్యరేఖకీ ఉత్తర ధ్రువానికీ సరిగ్గా మధ్యలో ఉన్నామని. అది చదివి చెబితే అమ్మ ఆ బోర్డు చుట్టూ తిరిగి, "అయితే తమ్ముడికి ఈ కార్డే పంపాలి, వాడికి జాగ్రఫీ ఇష్టం," అంది. మా ఆయన ఫొటో తీశారు. అమ్మ నవ్వుతోంది, నేను వాచీ చూసుకుంటున్నాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, చూడను.

మేమిద్దరం మాట్లాడుకోవడంలేదని అమ్మ కనిపెట్టింది. ఆ సాయంత్రం మోటెల్ గదిలో కరెంటు కుక్కర్‌లో అన్నం వండుతూ నాకు బుద్ధులు చెప్పింది.

"నీ నోరు అదుపులో పెట్టుకోవే. ఆయన బంగారంలాంటి మనిషి. అన్నీ లోపల దాచుకుంటున్నాడు, మొహం చూస్తేనే తెలుస్తోంది. ఏం గొడవ పెట్టుకున్నావు?"

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. తినబోతే ముద్ద దిగలేదు. నీరసమనుకుని అమ్మ పెరుగన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టింది.

శనివారం చేపలవాళ్ళ గుడిసెలు చూశాం. నల్లబడ్డ చెక్క గోడలు, ఎండబెట్టిన వలలు, నీచువాసన. అమ్మ ముక్కు మూసుకుంటూనే మూడో కార్డు కొనిపించుకుని, రాసి అక్కడే డబ్బాలో వేయించింది. మధ్యాహ్నానికి ఇసుకకొండల దగ్గరికి చేరాం. కొండంటే కొండే, ఉత్త ఇసుక. అవతల అంతులేని నీళ్ళు. పిల్లలు పైనుంచి దొర్లుకుంటూ వస్తున్నారు. ఒడ్డంతా దుప్పట్లు, గొడుగులు, రేడియోలు.

"ఇది సముద్రం కాదంటే ఎవరు నమ్ముతారు? మన సూర్యలంకలా ఉంది," అంది అమ్మ. దుప్పటి పరుచుకుని ఇసుకలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

కార్లు ఆపే చోట బూత్ ఉంది. ఎండ మొహం మీదే కొడుతోంది. నేను చేసిన ఫోను మొదటి రింగుకే ఎత్తింది వరంగల్ పిల్ల. ఎత్తడమే ఏడుపు.

"పోయిండంట అక్కా. పొద్దుగాలనే మీ మామ కొడుకు ఫోన్ చేసిండు. మీరెక్కడున్నరో తెల్వక నేను పిచ్చిదాన్నైన."

నేను బూత్ గోడకి ఆనుకున్నాను.

"నిన్న ఆరింటికే డాక్టర్ రూంకు తీస్కపోయిండంట. ఎనిమిది దాక ఆ కుర్చీలనే కూసున్నడంట. నర్సు పండుకోమన్నా వినలేదంట. ఆ ఫోన్ ఎవలికోసం మోగినా 'అక్కనా?' అన్నడంట. అమెరికా లైన్ కలుస్తలేదు నాన్నా అని చెప్పిండంట ఆ పిల్లగాడు. ఫోన్ ఎందుకు చెయ్యలేదక్కా? ఏం చెప్పాల్నో నాకు తెల్వలే."

నాకూ తెలీలేదు. ఎంతసేపు అక్కడ నిలబడ్డానో! బయట ఒకాయన చిల్లర పట్టుకుని నా వంతు ఎప్పుడవుతుందా అని చూస్తున్నాడు. బయటికొచ్చి ఇసుకలో నడిచాను. మా ఆయన నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. అమ్మ కూర్చున్న చోటినుంచే తలెత్తింది.

"ఏమైందే? బిడ్డకేమైనా..."

"మామయ్య పోయాడమ్మా."

అమ్మ అరుస్తుందనుకున్నాను. గుండె పట్టుకుంటుందనుకున్నాను. మూడు రోజులుగా నేను భయపడిందేదీ జరగలేదు. ఆవిడ కాళ్ళ మీది ఇసుక నెమ్మదిగా దులుపుకుంది.

"ఎప్పుడు?"

"వాళ్ళకి ఇవాళ. ఇప్పుడే తెలిసింది," అన్నాను. ఆ రెండో మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"జబ్బని నాకు తెలుసు," అంది.

నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం.

"పోయిన నెల ఉత్తరం రాశాడు, పొట్ట ఉబ్బుతోంది, డాక్టర్లు ఏం చెప్పడంలేదు అక్కా అని. నీకు చూపించలేదు. ఒట్టి మనిషివి కాదు, ఏడో నెల, వింటే ఎక్కడ బెంగపెట్టుకుంటావోనని. ఒక్కసారి ఫోన్‌లో కలుపుతావా, వాడితో మాట్లాడతానని అడుగుదామని రోజూ పొద్దున్నే అనుకునేదాన్ని. అడిగితే ఎందుకంటావు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నీ కాన్పు అయ్యాక అడుగుదాంలే అనుకున్నా."

నేను ఇసుకలో ఆవిడ పక్కన కూర్చున్నాను. నా కోసం ఆవిడ, ఆవిడ కోసమంటూ నేను. మా ఇద్దరి మధ్యా వంటింటి గోడకి ఆ ఫోను నెలరోజులుగా ఊరికే వేలాడింది. "ఫోన్ చెయ్యనా" అని మాలో ఏ ఒక్కరం నోరు తెరిచినా మామయ్య మాట నెగ్గేది.

అమ్మ నా వైపు తిరిగింది. ఆ మాట అడుగుతుందని నాకు ముందే తెలిసిపోయింది.

"పోయే ముందు నా గురించేమైనా అడిగాడుటనా?"

చెప్పాలి. అప్పుడైనా చెప్పాలి. మా ఆయన కళ్ళతోనే నన్ను బతిమాలుతున్నారు. నేను అమ్మ మొహం చూశాను.

"లేదమ్మా. స్పృహే లేదుట. నిద్రలోనే పోయాడుట."

"పోన్లే," అంది అమ్మ. "అడగలేదు కదా. అడిగుంటే నాకు ఈ జన్మకి నిద్ర పట్టేది కాదు."

మా ఆయన అటు తిరిగి నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి అమ్మ లేచింది. స్వెట్టరు విప్పి మడతపెట్టి దుప్పటి మీద పెట్టింది. చేతి వాచీ తీసి నాకిచ్చింది. "విన్న తర్వాత స్నానం చెయ్యాలి కదా," అని నీళ్ళవైపు నడిచింది. నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"నువ్వు రాకు. కడుపుతో ఉన్నావు, ఆ నీళ్ళు చల్లగా ఉంటాయి. నువ్వు ఇంటికెళ్ళి వేడినీళ్ళు పోసుకుందువు గానీ."

ఆ నీళ్ళు జూలైలో కూడా ఎముకలు కొరికేస్తాయి. ఈతకొచ్చిన పిల్లలే కెవ్వుమంటూ బయటికి పరుగెడుతున్నారు. అమ్మ కట్టుకున్న చీరతో అలాగే దిగింది. మోకాళ్ళ దాకా, నడుం దాకా. ఒడ్డున రేడియో వినేవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎత్తు కుర్చీలో కూర్చున్న లైఫ్‌గార్డు లేచి నిలబడ్డాడు. మా ఆయన బూట్లు కూడా విప్పకుండా పరుగెత్తి వెనకే దిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. అమ్మ మూడుసార్లు మునిగింది. మునిగినప్పుడల్లా తెల్లటి చీర కొంగు నీళ్ళమీద పరుచుకుంది. మూడోసారి పైకి లేచి, దక్షిణానికి తిరిగి దోసిలితో నీళ్ళు వదిలింది. అప్పుడు ఏడ్చింది. "నా తండ్రీ, నా చిట్టితండ్రీ" అని ఆ ఒడ్డంతా వినపడేలా ఏడ్చింది. నేను ఒళ్ళో ఆవిడ వాచీ పట్టుకుని కూర్చున్నాను.

అమ్మ వెళ్ళిపోతాననలేదు. నేను అంత భయపడ్డ మాట ఆవిడ నోట రానేలేదు. "పోయినవాడు ఎలాగూ పోయాడు, పుట్టేవాణ్ణి చూడొద్దా?" అంది. సెప్టెంబరులో బాబు పుట్టాడు. అయిదు నెలలపాటు కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది, నాకు కాయం పెట్టింది, సాంబ్రాణి పొగ వేస్తే అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం మోగి అందరం మెట్లు దిగాం. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. బాబుకి నలుగు పెడుతూ పాడుతుంటే ఎలా చెప్పను? ఇవాళ కాదు, రేపు. అలా ఫిబ్రవరి వచ్చింది. ఎయిర్‌పోర్టులో నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. చెప్పలేదు.

చెప్పేవాడు అక్కడ గుంటూరులో ఉన్నాడు. మామయ్య కొడుకు అమ్మని చూడగానే అన్నాడుట, అత్తయ్యా, నీ ఫోన్ కోసం రెండు గంటలు కూర్చున్నాడు, ముందే వదినకి నంబరిచ్చాను, లైను కలవలేదా అని. పెద్దకర్మ అయిన తర్వాత చేరిన మూడు బొమ్మల కార్డులూ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడుట. ఇదంతా తర్వాత వాడే నాకు రాశాడు. నేను చేసింది వాడికి తెలీదు. తెలీకుండానే రాశాడు.

అమ్మ ఉత్తరం వస్తుందని భయపడుతూ ఎదురుచూశాను. వచ్చింది. బాబుకి ఎన్ని పళ్ళు వచ్చాయని అడిగింది. చలిలో టోపీ లేకుండా తిప్పొద్దంది. ఇంకేం లేదు. ఆ తర్వాత ఉత్తరంలోనూ లేదు. నా మీద కోపం వచ్చి నాలుగు తిట్టినా బతికిపోయేదాన్ని. పొరపాటున కూడా ఒక్క మాట అనలేదు.

మూడేళ్ళ తర్వాత మళ్ళీ నెల తప్పాను. అప్పటికి అమ్మ పక్కింట్లో ఫోన్ వచ్చింది. ఒక ఆదివారం చేసి పిలిపించాను.

"ఈసారీ నువ్వే రావాలమ్మా. టికెట్ పంపిస్తాను. ఎప్పుడు బయల్దేరతావు?"

"నేను రానమ్మా."

"ఎందుకు? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాను."

"మరి?"

లైనులో నా "మరి" నాకే తిరిగి వినపడింది. తర్వాత అమ్మ గొంతు వచ్చింది, కోపం లేదు, ఏడుపు లేదు, కూరగాయల సంగతి చెబుతున్నట్టే ఉంది.

"అక్కడుంటే నాకొచ్చిన ఫోను నాదాకా రాదు తల్లీ."

ఆ వెంటనే, కాళ్ళు వాస్తున్నాయా, ఉప్పు తగ్గించావా అని అడిగింది.